టొరంటో పునాదుల్లో విస్కీ పెట్టుబడి

* గాలిమరతో మొదలై బ్యాంకు, రైలు, బీమా, టీకాల ప్రయోగశాల దాకా విస్తరించిన గుడర్‌హామ్ వంశం
* లాభం కుటుంబానిది.. మురుగు భారం నగరానిది
* 1990లో మూతపడినా చెక్కుచెదరని కట్టడాలు

కెనడాలోని టొరంటో నగరంలో తూర్పు రేవుకు దగ్గరగా ఎర్ర ఇటుక గోడల నడుమ ఇటుకలు పరిచిన వీధులున్నాయి. కాఫీ దుకాణాలు, చిత్రశాలలు, నాటకశాలలతో నేడు నిత్యం సందడిగా కనిపించే ఈ ప్రాంతాన్ని ‘డిస్టిలరీ డిస్ట్రిక్ట్’ అని పిలుస్తారు. ఒకప్పుడు ప్రపంచంలోని అతిపెద్ద మద్యం కర్మాగారాల్లో ఒకటిగా పేరుపొందిన ‘గుడర్‌హామ్ అండ్ వర్ట్స్’ సంస్థ ఇక్కడే ఉండేది. 1832 నుంచి 1923 వరకు, అంటే తొమ్మిది దశాబ్దాలకు పైగా గుడర్‌హామ్ కుటుంబం ఈ వ్యాపారాన్ని నిర్వహించింది.

విస్కీ ద్వారా వచ్చిన ధనం ఆ కుటుంబం పెట్టెల్లోనే ఉండిపోలేదు. బ్యాంకుగా, రైలు మార్గంగా, బీమా సంస్థగా, హోటల్‌గా, కళాశాలగా, చివరకు ప్రాణరక్షక ఔషధాల ప్రయోగశాలగా రూపాంతరం చెందింది. చదువు కోసం, ఉద్యోగం కోసం టొరంటో వెళ్లిన తెలుగువారికి సుపరిచితమైన టొరంటో-డొమినియన్ (టీడీ) బ్యాంకు పేరులోని ‘టొరంటో’ అన్న పదం కూడా ఈ కుటుంబం నడిపిన బ్యాంకు నుంచి వచ్చినదే. అయితే ఈ చరిత్రకు మరో పార్శ్వం కూడా ఉంది. కర్మాగారం వ్యర్థాలు నదీముఖాన్ని మురికికూపంగా మార్చాయి. మద్యం ద్వారా ఆర్జించిన ధనాన్ని ధర్మకార్యాలకు స్వీకరించవచ్చునా అన్న ప్రశ్న ఆనాటి సమాజాన్ని వదలలేదు. ఒక వ్యాపార కుటుంబం ఒక నగరానికి ఏమిచ్చింది, ఏమి తీసుకుంది అన్న లెక్క చూడగోరేవారికి గుడర్‌హామ్‌ల చరిత్ర చక్కని ఉదాహరణ.

గాలిమర నీడన తొలి అడుగు

1831లో ఇంగ్లండు నుంచి జేమ్స్ వర్ట్స్ అనే పిండిమర వ్యాపారి కెనడాకు వలస వచ్చాడు. అప్పటికి టొరంటో పేరు ‘యార్క్’. ఒంటారియో సరస్సు ఒడ్డున, డాన్ నది సరస్సులో కలిసే చోటుకు సమీపంలో గోధుమలు విసిరేందుకు ఆయన ఒక గాలిమరను నిర్మించాడు. మరుసటి ఏడాది ఆయన బావమరిది విలియం గుడర్‌హామ్ కుటుంబ సభ్యులు, సేవకులు, అనాథ బాలలు కలిపి మొత్తం 54 మందిని వెంటబెట్టుకుని అక్కడికి చేరుకున్నాడు. తనతో తెచ్చిన 3,000 పౌండ్లను వ్యాపారంలో పెట్టి బావతో భాగస్వామి అయ్యాడు. గాలి నిలకడగా వీచకపోవడంతో కొద్దికాలానికే మరను ఆవిరి యంత్రంతో నడపడం ఆరంభించారు.

1834లో యార్క్ పట్టణం ‘టొరంటో’ పేరుతో నగరంగా అవతరించింది. అప్పటి జనాభా 9 వేలకు కొంచెం ఎక్కువ. అదే ఏడాది ఆ కుటుంబంలో విషాదం చోటుచేసుకుంది. వర్ట్స్ భార్య ప్రసవ సమయంలో కన్నుమూసింది. ఆ దుఃఖాన్ని తట్టుకోలేక ఆయన కొద్ది రోజులకే మర ఆవరణలోని బావిలో దూకి ప్రాణాలు విడిచాడు. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల బాధ్యతతో పాటు వ్యాపార భారం కూడా విలియం గుడర్‌హామ్ భుజాలపైనే పడింది. మేనల్లుడు జేమ్స్ గుడర్‌హామ్ వర్ట్స్ పెరిగి పెద్దవాడయ్యాక, 1845లో అతనిని భాగస్వామిగా చేర్చుకున్నాడు. ‘గుడర్‌హామ్ అండ్ వర్ట్స్’ అన్న పేరు అలా స్థిరపడింది.

గాలిమర తర్వాతి కాలంలో కనుమరుగైనా దాని గుర్తు నగర పటాలపై మిగిలింది. రేవులో కట్టడాలు సరస్సులోకి ఎంతవరకు చొచ్చుకుపోవచ్చునో నిర్ణయించేందుకు గాలిమర నుంచి పడమటనున్న పాత ఫ్రెంచి కోట స్థలం దాకా ఒక సరళరేఖను హద్దుగా గీశారు. ‘విండ్‌మిల్ లైన్’గా ప్రసిద్ధి చెందిన ఈ రేఖ రేవు భూముల దస్తావేజులలో చిరకాలం కొనసాగింది.

మిగులు గింజల నుంచి మద్యం

ఆ రోజుల్లో రైతులు పిండిమరకు తెచ్చే ధాన్యంలో కొంత రెండో రకంగా ఉండేది. పిండికి పనికిరాని ఆ ధాన్యాన్ని, మిగులు నిల్వలను వృథా చేయకుండా 1837లో విలియం గుడర్‌హామ్ మద్యం తయారీ ప్రారంభించాడు. పిండి కంటే మద్యం రవాణాకు అనుకూలం. త్వరగా పాడవదు, తక్కువ బరువుకు ఎక్కువ ధర పలుకుతుంది. దీంతో అనుబంధంగా ఆరంభమైన వ్యాపారమే అసలు వ్యాపారంగా మారింది.

తయారీ విధానం స్థూలంగా ఇలా ఉండేది. ధాన్యాన్ని నూరి, వేడినీటిలో కలిపి, అందులోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేవారు. ఆ ద్రవాన్ని పులియబెట్టి, ఆవిరి సాయంతో బట్టీ పట్టేవారు. వచ్చిన మద్యాన్ని బొగ్గు గుండా వడకట్టి శుభ్రం చేసేవారు. చివరికి మిగిలిన ధాన్యపు పిప్పిని పశువులకు మేతగా వేసేవారు. ఇందుకోసం కర్మాగారం పక్కనే పశువుల కొట్టాలు వెలిశాయి. పిండి, మద్యం, పాడి, మాంసం.. ఇలా ఒకే గింజ నుంచి నాలుగు రకాల రాబడి లభించేది.

1859లో ఐదంతస్తుల భారీ రాతి భవనానికి శ్రీకారం చుట్టారు. బూడిదరంగు సున్నపురాతితో నిర్మించిన ఈ భవనం 1861లో పనిచేయడం ఆరంభించింది. వాస్తుశిల్పి డేవిడ్ రాబర్ట్స్ దీనికి రూపకల్పన చేశాడు. 1869 అక్టోబరు 26న సంభవించిన అగ్నిప్రమాదంలో కొయ్యతో నిర్మించిన లోపలి భాగమంతా దగ్ధమైంది. రాతి గోడలు మాత్రం నిలబడ్డాయి. యాజమాన్యం వెంటనే పునర్నిర్మాణం చేపట్టింది. 1870వ దశకం ఆరంభానికి కర్మాగారం వార్షికోత్పత్తి 20 లక్షల గాలన్లను దాటింది.

మద్యాన్ని విక్రయించే ముందు పీపాల్లో కనీసం రెండేళ్లు నిల్వ చేసి తీరాలన్న కెనడా ప్రభుత్వ నిబంధన 1890లో అమలులోకి వచ్చింది. రెండేళ్లపాటు సరుకును కదపకుండా గోదాముల్లో ఉంచాలంటే దండిగా పెట్టుబడి కావాలి. చిన్న బట్టీలకు ఇది మోయలేని భారమైంది. గుడర్‌హామ్ వంటి పెద్ద సంస్థలకు మాత్రం కలిసివచ్చింది. నేడు డిస్టిలరీ డిస్ట్రిక్ట్‌లో కనిపించే ఎత్తయిన ఇటుక గోదాములలో కొన్ని ఇలా పీపాలను నిల్వ చేసేందుకు కట్టినవే.

బ్యాంకు.. రైలు.. బీమా

ధాన్యం కొనుగోలుకు పంటకాలంలో ఒక్కసారిగా పెద్ద మొత్తాలు అవసరమయ్యేవి. ఈ ఇబ్బందిని అధిగమించేందుకు పిండిమరల యజమానులు, ధాన్యం వ్యాపారులు కలిసి ఏర్పాటు చేసుకున్న సంస్థే ‘బ్యాంక్ ఆఫ్ టొరంటో’. 1855లో దీనికి అనుమతి లభించగా 1856లో కార్యకలాపాలు మొదలయ్యాయి. 1864 నుంచి మరణించేవరకు విలియం గుడర్‌హామ్ ఈ బ్యాంకుకు అధ్యక్షునిగా ఉన్నాడు. ఆ తర్వాత మేనల్లుడు వర్ట్స్, అనంతరం కుమారుడు జార్జ్ గుడర్‌హామ్ వరుసగా ఆ పదవిని అధిష్ఠించారు. 1955లో ఈ బ్యాంకు డొమినియన్ బ్యాంకుతో విలీనమై టొరంటో-డొమినియన్ బ్యాంకుగా ఏర్పడింది.

కర్మాగారానికి ధాన్యంతో పాటు వంటచెరకు, కలప కూడా కావాలి. ఉత్తరాది అడవుల నుంచి వాటిని చేరవేసేందుకు నిర్మించిన ‘టొరంటో అండ్ నిపిస్సింగ్’ రైలు మార్గానికి ఈ కుటుంబం ప్రధాన అండగా నిలిచింది. 1871లో ప్రారంభమైన ఈ మార్గం తక్కువ ఖర్చుతో పూర్తికావాలన్న ఉద్దేశంతో పట్టాల మధ్య దూరాన్ని 3 అడుగుల 6 అంగుళాలకే పరిమితం చేశారు. అనంతర కాలంలో దీనిని సాధారణ వెడల్పుకు మార్చారు. ప్రస్తుతం స్టఫ్‌విల్, మార్కమ్ ప్రాంతాల నుంచి టొరంటోకు నిత్యం ప్రయాణికులను చేరవేసే ‘గో’ రైళ్లు ఈ పాత మార్గం వెంటే నడుస్తున్నాయి.

1887లో ‘మాన్యుఫ్యాక్చరర్స్ లైఫ్’ బీమా సంస్థ ఏర్పడింది. దీనికి తొలి అధ్యక్షుడు సాక్షాత్తూ నాటి కెనడా ప్రధాని సర్ జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ కాగా, జార్జ్ గుడర్‌హామ్ ఉపాధ్యక్షునిగా వ్యవహరించాడు. 1891లో ప్రధాని మరణించాక అధ్యక్ష బాధ్యతలు స్వీకరించాడు. నేడు ‘మాన్యులైఫ్’గా పలు దేశాల్లో వ్యాపారం చేస్తున్నది ఈ సంస్థే.

నదికి శాపం

ధాన్యపు పిప్పితో పెరిగిన పశువుల సంఖ్య క్రమేణా వేలకు చేరింది. డాన్ నదికి తూర్పు ఒడ్డున వరుసగా కొట్టాలు వెలిశాయి. వాటి నుంచి వచ్చే పేడ, మూత్రం, మురుగునీరు పక్కనే ఉన్న ఆష్‌బ్రిడ్జ్ అఖాతపు చిత్తడి నేలల్లో కలిసేవి. నగరంలోని ఇతర మురుగు కూడా వీటికి తోడైంది. 1834లో 9 వేలున్న జనాభా 1891 నాటికి 1.8 లక్షలకు పెరగడంతో పరిస్థితి చేయిదాటింది. దుర్గంధంపై చుట్టుపక్కల నివాసులు మొరపెట్టుకున్నారు. కర్మాగారం చుట్టూ ఉండేవారిలో అధికులు కూలీలు, పేద వలసదారులు. యజమానులకు లాభం తెచ్చిపెట్టిన పశువుల కంపును భరించవలసి వచ్చింది వారే.

1890వ దశకం ఆరంభంలో కలరా భయం వ్యాపించడంతో నగరపాలక సంస్థ మేలుకొంది. నిలిచిన నీటిని కదిలించేందుకు నగర ఇంజినీరు ఎడ్వర్డ్ కీటింగ్ ఒక కాలువను ప్రతిపాదించాడు. 1893లో తవ్వకం మొదలైన ఈ కాలువకు ఆయన పేరే స్థిరపడింది. 1912 తర్వాత రేవు సంస్థ చిత్తడి నేలలను దశలవారీగా పూడ్చి పారిశ్రామిక భూములుగా మార్చింది. సహజసిద్ధమైన నదీముఖం ఆ విధంగా అదృశ్యమైంది. నది లంబకోణంలో మలుపు తిరిగి కాలువలోకి ప్రవహించక తప్పలేదు.

దానం.. ధర్మసందేహం

విలియం గుడర్‌హామ్ ఆంగ్లికన్ మతశాఖకు చెందినవాడు. నగరం తూర్పు భాగంలోని కార్మికుల కోసం 1840వ దశకంలో వెలసిన ‘లిటిల్ ట్రినిటీ’ చర్చి వ్యవస్థాపకుల్లో ఆయన ఒకడు. 1881లో 90 ఏళ్ల వయసులో ఆయన మరణించాడు.

ఆయన పెద్ద కుమారుడు విలియం గుడర్‌హామ్ జూనియర్ దారి వేరు. మెథడిస్టు మతశాఖలో చేరి మత ప్రచారం, సేవ వైపు మొగ్గాడు. 1889లో మరణించిన ఆయన తన వీలునామాలో విక్టోరియా కళాశాలకు 2 లక్షల డాలర్లు రాశాడు. కోబర్గ్ పట్టణంలోని ఆ కళాశాలను టొరంటోకు తరలించాలన్నది షరతు. ఆ ప్రకారమే 1892లో కళాశాల టొరంటోకు చేరి అక్కడి విశ్వవిద్యాలయంలో అంతర్భాగమైంది. మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో మెథడిస్టులు ముందు వరుసలో ఉన్నారు. అటువంటి వారి విద్యాసంస్థే మద్యం వ్యాపారి కుమారుని విరాళంతో రాజధాని నగరానికి రావడం గమనార్హం. విరాళాన్ని తిరస్కరిస్తే కళాశాల ఎదగదు, స్వీకరిస్తే తాము ప్రబోధించే మాటకు విలువ తగ్గుతుంది. చివరికి కళాశాల అవసరానిదే పైచేయి అయింది.

ముక్కోణపు మేడ

వ్యాపారాన్ని ఉన్నత శిఖరానికి చేర్చినవాడు జార్జ్ గుడర్‌హామ్ (1830-1905). మరణించే నాటికి ఒంటారియో రాష్ట్రంలోనే అత్యంత సంపన్నునిగా ఆయన పేరుపొందాడు. రెండు వీధులు కోణాకారంలో కలిసే చోట 1892లో ఆయన నిర్మించిన ఐదంతస్తుల ఎర్ర ఇటుక భవనం నేటికీ టొరంటోకు ఆనవాలుగా నిలిచింది. అంతకుముందు అదే స్థలంలో ఉన్న ముక్కోణపు కట్టడాన్ని, ఆకారాన్ని బట్టి జనం ‘శవపేటిక భవనం’ అనేవారు. ఇస్త్రీపెట్టె ఆకృతి గల కొత్త భవనానికి ‘ఫ్లాటైరన్’ అన్న పేరు వచ్చింది. డేవిడ్ రాబర్ట్స్ జూనియర్ రూపొందించిన దీని నిర్మాణానికి 18 వేల డాలర్లు ఖర్చయింది. న్యూయార్క్‌లోని ప్రఖ్యాత ఫ్లాటైరన్ భవనం కంటే ఇది పదేళ్లు పెద్దది.

సెయింట్ జార్జ్ వీధిలో జార్జ్ కట్టించుకున్న రాజప్రాసాదం వంటి నివాసం 1909లో యార్క్ క్లబ్ చేతికి వెళ్లింది. ఆయన పెట్టుబడితో 1903లో ప్రారంభమైన కింగ్ ఎడ్వర్డ్ హోటల్ నేటికీ అతిథులను ఆహ్వానిస్తోంది.

యుద్ధం.. నిషేధం.. అమ్మకం

మొదటి ప్రపంచ యుద్ధం ఈ కుటుంబ చరిత్రను మలుపు తిప్పింది. ఫిరంగి మందుగుండు తయారీకి అసిటోన్ అనే రసాయనం పెద్దఎత్తున అవసరమైంది. మొక్కజొన్నను సూక్ష్మజీవులతో పులియబెట్టి అసిటోన్ తీసే పద్ధతిని శాస్త్రవేత్త చైమ్ వైజ్‌మన్ కనుగొన్నాడు. అనంతర కాలంలో ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడైనది ఈయనే. ఈ పద్ధతికి మద్యం కర్మాగారాల తొట్లు సరిగ్గా సరిపోయాయి. 1916 నుంచి 1918 వరకు గుడర్‌హామ్ కర్మాగారంలో ‘బ్రిటిష్ అసిటోన్స్’ పేరిట ఉత్పత్తి సాగింది.

1916 సెప్టెంబరులో ఒంటారియోలో మద్య నిషేధం అమలులోకి వచ్చింది. 1927లో ప్రభుత్వ దుకాణాల ద్వారా అమ్మకాలు మొదలయ్యే వరకు అది కొనసాగింది. సొంత రాష్ట్రంలో విపణి మూసుకుపోయిన స్థితిలో 1923లో గుడర్‌హామ్ కుటుంబం సంస్థను హ్యారీ హాచ్ అనే వ్యాపారికి 15 లక్షల డాలర్లకు విక్రయించింది. కొద్ది సంవత్సరాలకే హాచ్ మరో ప్రసిద్ధ సంస్థ హైరమ్ వాకర్‌ను కొని రెండింటినీ కలిపివేశాడు. దీంతో గుడర్‌హామ్ పేరు సీసాలపై మిగిలినా కుటుంబానికి వ్యాపారంతో సంబంధం తెగిపోయింది.

ప్రాణదాతగా మారిన పొలం

ఈ కుటుంబం పెట్టిన ఖర్చులన్నింటిలో అత్యంత ఫలవంతమైనది బహుశా ఒక పొలం కొనుగోలే. టొరంటో విశ్వవిద్యాలయంలో డాక్టర్ జాన్ ఫిట్జ్‌జెరాల్డ్ 1914లో కంఠసర్పి (డిఫ్తీరియా), ధనుర్వాతం వంటి వ్యాధులకు విరుగుడు మందులు తయారుచేసే విభాగాన్ని నెలకొల్పాడు. గుర్రాలను పెంచి వాటి రక్తం నుంచి మందు సేకరించాలి. అందుకు తగిన స్థలం లేదు. యుద్ధరంగంలోని సైనికులకు ధనుర్వాత మందు అత్యవసరమైన ఆ తరుణంలో, జార్జ్ కుమారుడు కల్నల్ ఆల్బర్ట్ గుడర్‌హామ్ నగర శివారులో 58 ఎకరాల పొలాన్ని కొని, భవనాలతో సహా విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. 1917 అక్టోబరులో ‘కనాట్’ ప్రయోగశాలలుగా అవి ప్రారంభమయ్యాయి.

ఐదేళ్లు తిరగకముందే అదే విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ బృందం ఇన్సులిన్‌ను కనుగొంది. 1922లో చక్కెర వ్యాధిగ్రస్తులకు ఇన్సులిన్ తయారుచేసి అందించే బాధ్యతను కనాట్ సంస్థే తలకెత్తుకుంది. 1954లో అమెరికాలో జరిగిన సాక్ పోలియో టీకా భారీ ప్రయోగానికి అవసరమైన వైరస్ ద్రవంలో అధిక భాగం సరఫరా చేసింది కూడా ఈ సంస్థే. ఆనాటి పొలం ఉన్నచోట నేడు సనోఫీ సంస్థ టీకాల తయారీ కేంద్రం పనిచేస్తోంది. ఇన్సులిన్‌ను కనుగొన్న ఘనత గుడర్‌హామ్‌లది కాదు. అయితే ఆ మందు జనానికి చేరేందుకు తోడ్పడిన సంస్థకు నిలువనీడ కల్పించినది మాత్రం వారి ధనమే.

మూతపడినా నిలిచిన గోడలు

టొరంటో కర్మాగారంలో 1957లో విస్కీ తయారీ నిలిచిపోయింది. ఆపై రమ్, పారిశ్రామిక ఆల్కహాల్ ఉత్పత్తి సాగింది. 1990లో కర్మాగారం పూర్తిగా మూతపడింది. అంతకు రెండేళ్ల ముందే, 1988లో కెనడా ప్రభుత్వం దీనిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించడం భవనాలకు రక్షణగా నిలిచింది. మరో విశేషమూ ఉంది. ఉత్పత్తి తగ్గుముఖం పట్టిన దశాబ్దాల్లో ఆధునికీకరణకు యాజమాన్యాలు పెద్దగా ఖర్చు చేయకపోవడంతో పాత కట్టడాలు యథాతథంగా మిగిలాయి.

ఖాళీ పడిన కర్మాగారం 1990వ దశకంలో సినిమా చిత్రీకరణలకు నెలవైంది. ‘ఎక్స్-మెన్’, ‘షికాగో’ వంటి హాలీవుడ్ చిత్రాల్లోని దృశ్యాలను ఇక్కడ తీశారు. 2001లో ఒక స్థిరాస్తి సంస్థ 13 ఎకరాల ఆవరణను కొనుగోలు చేసి, 40కి పైగా పాత భవనాలను బాగుచేసి, 2003 మే నెలలో ప్రజల సందర్శనకు తెరిచింది. వీధుల్లోకి వాహనాలను అనుమతించకపోవడం, పెద్ద వ్యాపార గొలుసులకు బదులు స్థానిక దుకాణాలకు చోటివ్వడం ఆదరణ తెచ్చిపెట్టాయి. ఆ ఆదరణే పక్కన ఆకాశహర్మ్యాల నిర్మాణానికి దారితీసింది.

తిరిగి వచ్చిన నదీముఖం

గుడర్‌హామ్‌ల కాలంలో కలుషితమై, అనంతరం పూడ్చివేతకు గురైన డాన్ నదీముఖాన్ని మళ్లీ తవ్వే పనికి 2017లో మూడు స్థాయిల ప్రభుత్వాలు కలిసి 125 కోట్ల కెనడా డాలర్లు కేటాయించాయి. వరదల నుంచి నగరాన్ని కాపాడటం ఈ పథకం ప్రధాన లక్ష్యం. కొత్తగా తవ్విన నదీమార్గంలోకి 2024లో నీరు ప్రవహించింది. 2025 జులైలో దాని ఒడ్డున ‘బీడాసిగే’ ఉద్యానం ప్రారంభమైంది. పోయిన చిత్తడి నేలలో కొంత భాగం తిరిగి ప్రాణం పోసుకుంది.

నది పాడవడానికి ఒక్క కుటుంబమే కారణమనడం సరికాదు. నగర మురుగు, రేవు విస్తరణ, ఇతర పరిశ్రమలు అన్నింటికీ ఇందులో భాగముంది. అయితే లాభాలు వచ్చిన రోజుల్లో శుభ్రతకు ఖర్చు చేయకపోతే, ఆ బిల్లు తర్వాతి తరాల పన్ను చెల్లింపుదారుల ముందుకు వస్తుందన్న సత్యాన్ని డాన్ నది రుజువు చేసింది. బ్యాంకు, రైలు మార్గం, కళాశాల, టీకాల కేంద్రం, అందమైన ఇటుక మేడలు ఒకవైపు, 130 ఏళ్ల తర్వాత నగరం చెల్లించిన మూల్యం మరోవైపు. గుడర్‌హామ్ వారసత్వాన్ని అంచనా వేసేటప్పుడు ఈ రెండు పద్దులనూ కలిపి చూడవలసి ఉంటుంది.

గుడర్‌హామ్ వంశం - కాలక్రమం

1831: జేమ్స్ వర్ట్స్ రాక, గాలిమర నిర్మాణం
1832: విలియం గుడర్‌హామ్ భాగస్వామ్యం
1837: మద్యం తయారీ ఆరంభం
1855: బ్యాంక్ ఆఫ్ టొరంటోకు అనుమతి
1861: రాతి డిస్టిలరీలో ఉత్పత్తి ప్రారంభం
1869: అగ్నిప్రమాదం, పునర్నిర్మాణం
1871: టొరంటో అండ్ నిపిస్సింగ్ రైలు మార్గం
1881: విలియం గుడర్‌హామ్ మృతి
1892: ఫ్లాటైరన్ భవనం పూర్తి, టొరంటోకు విక్టోరియా కళాశాల
1905: జార్జ్ గుడర్‌హామ్ మృతి
1917: కనాట్ ప్రయోగశాలల ప్రారంభం
1923: సంస్థ విక్రయం
1990: కర్మాగారం మూత
2003: డిస్టిలరీ డిస్ట్రిక్ట్ ప్రారంభం